బండి నంబరు లేని డీజిల్ బిల్లులు

తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టమని మా పన్ను లెక్కలు చూసే వెంకట్రామయ్య గారు కాగితాన్ని నా ముందుకు జరిపారు. పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇచ్చారు. ఆ ఆఫీసులో అంత మర్యాద నాకు అంతకుముందెప్పుడూ జరగలేదు.

"ఇందులో ఏం రాశారండీ?" అన్నాను.

"ఏం లేదమ్మా ఫ్లోరెన్స్. సైటు ప్రయాణాల కింద నువ్వు చూపించిన డెబ్బై రెండు వేలు పొరపాటున చూపించావు, వెనక్కి తీసుకుంటున్నావు. వచ్చిన రిఫండు, దానిమీద వడ్డీ, ఇంకాస్త అదనం కట్టేస్తే గొడవ వదిలిపోద్ది. మీ కంపెనీలో అందరూ పెట్టేశారు. నీదొక్కటే మిగిలింది."

"పొరపాటున అంటే ఏంటండీ? నేను సైట్లకి వెళ్ళలేదనా?"

"అబ్బా, అట్టా ఎందుకనుకుంటావ్? కాగితమ్మీద మాటలు కాగితమ్మీదే ఉంటాయి."

కాగితం మీద మాటలు కాగితం మీదే ఉంటే ఈ దేశంలో మనుషులు సంతకానికి ఇంత భయపడేవాళ్ళు కాదు. నేను పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాను.

మాది తెనాలిలో చిన్న కంపెనీ. కృష్ణా నది మధ్య లంకల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు, వరద సైరన్లు, సముద్రం పక్క ఊళ్ళలో తుఫాను సైరన్లు పాడవకుండా చూసుకోవడం మా పని. కొల్లూరు లంకల నుంచి రేపల్లె దాటి అడవులదీవి దాకా, అటు బాపట్ల దాటి వాడరేవు దాకా మా సైట్లున్నాయి. పదకొండేళ్ళుగా నేను అక్కడ టెక్నీషియన్ని. లంకల్లో నన్ను సైరనమ్మ అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు అక్కడ ఎవరైనా ఫ్లోరెన్స్ గారూ అంటే ఎవర్నో పిలుస్తున్నారనుకుంటాను.

కంపెనీలో ఉన్న పద్నాలుగు మందికీ నెలకు ఆరువేలు సైటు ప్రయాణ భత్యం ఇస్తారు. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్ళే ఖర్చు పన్ను లెక్కలోకి రాదు గానీ, ఆఫీసు నుంచి సైటుకు డ్యూటీ మీద వెళ్ళిన ఖర్చుకు ఆ భత్యంలో పన్ను ఉండదు. అదీ నిజంగా ఎంత ఖర్చయితే అంతవరకే. బిల్లులు జనవరిలోగా కంపెనీకి ఇస్తే వాళ్ళే మినహాయిస్తారు. జనవరిలో మేము ఏ బురదలో ఉంటామో మాకే తెలియదు కనుక ఎవరం ఇవ్వము. కంపెనీ పన్ను కోస్తుంది. తర్వాత వెంకట్రామయ్య గారు రిటర్ను వేసి ఆ పన్ను వెనక్కి తెప్పిస్తారు.

తెప్పించారు కూడా, చాలా సులువుగా. ఆరువేలు పన్నెండు పెట్టి హెచ్చవేసి, పద్నాలుగు మందికీ డెబ్బై రెండు వేలే వేశారు. సైటు మొహం చూసినవాడికీ అంతే, తెనాలి స్టోర్ రూములో కూర్చుని నట్లు బోల్టులు లెక్కపెట్టేవాడికీ అంతే. గుంపులో గోవింద. ఒకే కంప్యూటరు నుంచి ఒకే అంకె పద్నాలుగు సార్లు వెళ్తే ఆదాయపన్ను వాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటారా? రుజువులైనా చూపించండి, లేదా వెనక్కి తీసుకోండి అని అందరికీ కబురొచ్చింది.

పదమూడు మంది వెనక్కి తీసుకున్నారు. స్టోర్ రూమువాడు తీసుకున్నాడంటే అర్థముంది. కానీ రఫీ కూడా సంతకం పెట్టాడు. రఫీ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు. అడవులదీవి సైరన్ చూడటానికి ముసురులో వెళ్ళి, బండి జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ భుజం ఉన్న చేత్తోనే 'నేను ప్రయాణం చేయలేదు' అన్న అర్థం వచ్చే కాగితం మీద సంతకం పెట్టాడు.

"నీకు బుద్ధుందా రఫీ?" అని ఫోనులో అరిచాను.

"బిల్లులు లేవక్కా. ఆఫీసుకి పిలుస్తారంట. మనవల్ల కాదక్కా ఆ తిరుగుళ్ళు. ఓ ముప్పై వేలు పోతే పోయినయ్."

పోయింది ముప్పై వేలేనా? వానలో, ఎండలో, నెలలు నిండిన పొట్టతో కూడా నేను తిరిగిన తిరుగుడంతా దొంగ లెక్క అని నా చేత్తోనే రాసివ్వాలా? నాకు ఒళ్ళు మండింది. వెంకట్రామయ్య గారితో అదే చెప్పాను.

"నా దగ్గర బిల్లులున్నాయండి. మీకే ఇచ్చాను. బట్టల కొట్టు సంచిలో."

ఆయన బీరువా పక్కన, పాత పేపర్ల కింద వెతికితే సంచి దొరికింది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. రెండేళ్ళు ఆ ముడి విప్పిన నాథుడు లేడు.

"విప్పనే లేదాండీ?"

"అందరికీ ఒకటే వేశానమ్మా. నీకు మాత్రం తక్కువెందుకెయ్యాలని..." అన్నారాయన, నాకేదో ఉపకారం చేసినట్టు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఆ సాయంత్రం ఇంట్లో నేల మీద బిల్లులన్నీ పరిచి కూడాను. పెట్రోలు, బస్సు, రేపల్లె రైలు, ఆటోలు, అన్నీ కలిపి నలభై వేల ఎనిమిదివందల ఎనభై. లంక పడవకు పోయించిన డీజిల్ ముప్పై ఆరు బిల్లులు, పదిహేడు వేల నాలుగువందల అరవై. మొత్తం యాభై ఎనిమిది వేల మూడువందల నలభై. రెండుసార్లు కూడాను. మూడోసారి మా ఆయన ఏసుబాబు చేత కూడించాను. అంతే వచ్చింది.

డెబ్బై రెండు వేలు కాదు. పదమూడు వేల ఆరువందల అరవై తక్కువ.

నాకు నిజంగా సిగ్గేసింది. అప్పటిదాకా వెంకట్రామయ్య గారి మీద ఎగిరిన దాన్ని, నా పేరు మీద కూడా అబద్ధం ఉందని అప్పుడే తెలిసింది. రిఫండు బ్యాంకులో పడినప్పుడు నేను కూడా ఎంత, ఎందుకు అని అడగలేదు. పాపకు సైకిలు కొన్నాను.

"ఎందుకే ఈ గొడవ? వాళ్ళు చెప్పినట్టు కట్టేసి వదిలించుకుందాం" అన్నాడు ఏసుబాబు.

"వెళ్ళని దానికి కడతాను. వెళ్ళిన దానికి కట్టను" అన్నాను. ఆ మాట మరుసటి వారం ఆదాయపన్ను అధికారి ముందు కూడా అనాల్సి వచ్చింది.

ఆయన పేరు మీరావలి. యాభై దాటిన మనిషి, మెత్తటి గొంతు. కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని ఒక్కో బిల్లూ వెలుతురుకు పెట్టి చూశారు. నేను ముందే చెప్పేశాను, డెబ్బై రెండు కాదండి, యాభై ఎనిమిది చిల్లర అని. ఆయన తలెత్తి నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు.

"ఇంతమందిని పిలిచాను. తక్కువ అని చెప్పింది మీరేనమ్మా" అన్నారు.

కంపెనీ ఇచ్చిన సైటు తేదీల పట్టీ పక్కన పెట్టుకుని బస్సు టికెట్లు, పెట్రోలు బిల్లులు టిక్కు పెట్టుకుంటూ వెళ్ళారు. నాకు ప్రాణం కుదుటపడుతోంది. అప్పుడు డీజిల్ కట్ట దగ్గరికొచ్చారు.

"మీ స్కూటరు పెట్రోలుదే కదమ్మా?"

"అవునండి."

"మరి ఈ డీజిల్ ఎవరి కారుకి? బండి నంబరు కూడా లేదు."

"కారు కాదండి, పడవ. కొల్లూరు దగ్గర లంకలోకి పడవ మీదే పోవాలి. పై కొసన ఒక పరికరం, కింద కొసన ఒకటి. కోటయ్య బాబాయ్ రెండిటి దగ్గరికీ తిప్పి మళ్ళీ రేవులో దింపుతాడు. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా నాకోసం ఆగుతాడు."

"పడవ కిరాయి ఇస్తే కిరాయి చూపించాలి. డీజిల్ ఏంటి?"

"కిరాయి తీసుకోడండి."

ఆయన కలం ఆగింది. నేను చెప్పుకొచ్చాను. ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. లంకలో అరటి, కూరగాయలు పండించుకునేవాళ్ళు పడవకు ఏడాదికింత అని ఇస్తారు. ఊరి పని మీద వచ్చేవాళ్ళ దగ్గర, అంటే టీకాల నర్సు, బడి పంతులు, కరెంటు లైన్‌మన్, నాలాంటిది, వీళ్ళ దగ్గర మాత్రం పడవవాడు రూపాయి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రేవులో తలెత్తుకోలేడు. అట్లాగని ఊరికే ఎక్కితే మనం తలెత్తుకోలేం. అందుకని వచ్చేటప్పుడు బంకులో అయిదు లీటర్లు కానులో పోయించుకొచ్చి ఇంజను పక్కన పెడతాం. ఆయన చూడనట్టు ఉంటాడు. మేము పెట్టనట్టు ఉంటాం.

మీరావలి గారు వెనక్కి వాలి కూర్చున్నారు. "కథ బాగుందమ్మా. కానీ ఏ కారుకైనా డీజిల్ కొట్టించి పడవకని చెప్పొచ్చుగా. ఆ కోటయ్యను తీసుకురండి."

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లనే అంటారు. వెంకట్రామయ్య గారి తాటిచెట్టు కింద రెండేళ్ళు కూర్చున్నాను మరి, ఎవరిని అనాలి?

కోటయ్య బాబాయ్ పిలవగానే వచ్చాడు. మొదటి బస్సుకే దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కొత్త తువ్వాలు, చేతిలో ఒక చక్కెరకేళి గెల. గెల లోపలికి తేవద్దని మీరావలి గారు చెప్తే, చిన్నబుచ్చుకుని వరండాలో రఫీ చేతికిచ్చాడు. రఫీ నాకు తోడుగా వచ్చి అక్కడ కూర్చుని ఉన్నాడు.

"కోటయ్య గారూ, ఈమె తెలుసా?" అని అడిగారు మీరావలి గారు.

"తెలవకపోవటమేంటండీ, సైరనమ్మ. నెలకి మూడు తడవలు ఎక్కుద్ది నా పడవ."

"ఈమె దగ్గర పడవకి ఏం తీసుకుంటారు?"

బాబాయ్ ముఖం మారిపోయింది. లేచి నిలబడ్డాడు. "ఏంటండీ ఆ మాట? ఒక్క రూపాయి తీసుకోలేదు. మా అమ్మ మీదొట్టు. మా నాన్న ఉప్పెనప్పుడు మందులు తెచ్చిన డాక్టర్లని దాటించి పైసా ముట్టలేదు. నేను ముడతానా? ఎవరు చెప్పారండీ తీసుకున్నానని?"

"అంటే ఏమీ తీసుకోలేదు."

"ఏమీ తీసుకోలేదండి! రాసుకోండి!"

ఆయన రాసుకున్నారు.

నా తరఫున చెప్పడానికి వచ్చిన మనిషి, నాకున్న ఒక్కగానొక్క సాక్షి, తన పరువు కాపాడుకుంటూ నన్ను నిలువునా ముంచేశాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు కూడా. గెలిచినవాడిలా నా వైపు చూశాడు.

"బాబాయ్, డీజిలో? నేను తెచ్చిన డీజిల్ సంగతి చెప్పు" అన్నాను.

"అది పడవకి పోశావమ్మాయ్. నాకిచ్చావా ఏంటి?"

"సార్ అడిగేది అదే!"

"సార్ నేను తీసుకున్నానా అని అడిగారు. నేను తీసుకోలేదు." ఆయన గొంతులో రవంత కూడా తొట్రుపాటు లేదు. ఆయన లెక్కలో అది నూటికి నూరుపాళ్ళు నిజం.

మీరావలి గారు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి బాబాయ్ ముందు పెట్టారు. పడవ ప్రయాణానికి కిరాయిగా డీజిల్ అందుకున్నాను అని. చదివి వినిపించారు. కోటయ్య బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"కిరాయి అని రాస్తే నేను పెట్టనండి. నా మీద కేసు పెట్టుకోండి, పెట్టను."

నేను బతిమాలితే పెట్టేవాడేమో. మా మధ్య పదకొండేళ్ళ పరిచయముంది, కాళ్ళ మీద పడినంత పని చేస్తే పెట్టేవాడే. కానీ నేను చేయని తప్పుకు సంతకం పెట్టనని కదా ఇంత దూరం వచ్చాను. ఆయన చేత ఆయన చేయని పనికి ఎట్లా పెట్టించను? ఆ కాగితాన్ని మీరావలి గారి వైపు వెనక్కి జరిపాను.

మీరావలి గారు నిట్టూర్చారు. మనిషి చెడ్డవాడు కాదు. "చూడమ్మా, పేచీ ఎందుకు? డీజిల్ వదిలెయ్యండి. మిగతా నలభై వేల చిల్లర ఒప్పుకుంటాను. మీ తోటివాళ్ళకి అది కూడా రాలేదు. సంతోషంగా ఇంటికెళ్ళండి."

తలుపు సందులోంచి రఫీ తల ఊపుతున్నాడు, ఒప్పుకో అక్కా, ఒప్పుకో అని.

నేను డీజిల్ కట్ట విప్పాను. వెతికి ఒక బిల్లు తీశాను. నలిగిపోయి ఉంది, అచ్చు సగం వెలిసిపోయింది, తేదీ మాత్రం కనిపిస్తోంది.

"ఈ రోజు మా నాన్న బర్నబాస్ గారి మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక అండి. బాపట్లలో ఇంటినిండా చుట్టాలు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టకుండా పెద్దకూతురు రావాలని గంటసేపు కూర్చున్నారు. ఆ పెద్దకూతురు లంక కింద కొసన నడుంలోతు నీళ్ళలో నిలబడి పరికరం విప్పుతోంది. పైనుంచి నీళ్ళు వదిలారు, మట్టం చూపించే పరికరం చచ్చిపోయింది, అది బాగవకపోతే సైరన్ మోగదు. మోగింది. లంకలో మనుషులు, గొడ్లు ఇవతలికొచ్చేశారు. నేను బాపట్ల చేరేసరికి విస్తళ్ళు ఎత్తేశారు. మా అమ్మ నాతో రెండు నెలలు మాట్లాడలేదు."

ఏడుస్తానేమోనని భయమేసి ఇంకా గట్టిగా మాట్లాడాను.

"నలభై వేలు ఒప్పుకుంటానంటున్నారు. కొల్లూరు దాకా బస్సులో పోయిందని ఒప్పుకుంటారు. రేవు దాకా నడిచిందని ఒప్పుకుంటారు. ఏరు దాటిందని మాత్రం ఒప్పుకోరు. మరి ఆ పరికరం ఎవరు బాగుచేశారండీ? నేను ఒడ్డున నిలబడి ఈల వేస్తే బాగైందా? ఇదిగో ఈ బిల్లు. ఇది దొంగదని మీ చేత్తో దీని మీద రాయండి. రాస్తే నేను మొత్తం డెబ్బై రెండు వేలూ వదిలేసి, మీరు చెప్పిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోతాను."

గదిలో గుమాస్తా కూడా తలెత్తి చూశాడు. మీరావలి గారు బిల్లును చేతిలోకి తీసుకున్నారు. రాయలేదు.

"బుధవారం మీకు సెలవు దొరుకుతుందా?" అన్నారు చివరికి. "నేనే వచ్చి చూస్తాను ఆ రేవు."

బుధవారం పొద్దున పదింటికల్లా ఆయన జీపు కొల్లూరు కరకట్ట దిగింది. నేను ముందే రేవులో ఉన్నాను. కావాలనే డీజిల్ కాను తీసుకెళ్ళలేదు. ఇవాళ ఊరి పని నాది కాదు, ఆయనది. మా రేవు పద్ధతి ఆయనకు తెలియాలంటే ఆయనకే తెలియాలి.

పడవలో మాతో పాటు నాగమ్మ అనే ముసలామె, ఆమె ఖాళీ గంపలు. మీరావలి గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, తడబడుతూ ఎక్కారు. రెండు కొసలూ చూపించాను. కింద కొస దగ్గర బురదలో ఆయన కాలు పిక్క దాకా దిగబడితే కోటయ్య బాబాయ్, నేను చెరొక రెక్కా పట్టుకుని లాగాం. పరికరం పెట్టెలో ఉండే పుస్తకం తీసి ఇచ్చాను. నేను వచ్చిన ప్రతిసారీ తేదీ, నీటిమట్టం, నా పొడి సంతకం. ఆయన ముప్పై ఆరు తేదీలూ తన కాగితంతో సరిచూసుకున్నారు. మా నాన్న కూడిక నాటి పేజీ దగ్గర నీళ్ళకు సిరా పాకిపోయి ఉంది. దాని మీద కాసేపు వేలు ఉంచారు.

తిరిగి రేవు చేరేసరికి ఒంటిగంట దాటింది. దిగీదిగగానే ఆయన జేబులోంచి అయిదొందల నోటు తీశారు.

"ఏంటండీ ఇది?" అన్నాడు బాబాయ్.

"పడవకి. పొద్దుటి నుంచి తిప్పావు కదా."

"ఊరి పని మీద వచ్చినోళ్ళ దగ్గర తీసుకోనండి."

"నేను ఊరి పని మీద రాలేదయ్యా, ఆఫీసు పని మీద వచ్చాను."

"సైరనమ్మ పని మీద వచ్చారు. సైరను ఊరిది. ఒకటేగా!"

మీరావలి గారు నోటు చేతిలో పెట్టబోయారు. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చొక్కా జేబులో పెట్టబోతే రెండడుగులు వెనక్కి వేసి నీళ్ళలోకి దిగాడు. పడవ బల్ల మీద పెడితే తీసుకొచ్చి ఈయన చెప్పుల మీద పెట్టి వెళ్ళాడు. ఏటి గాలికి నోటు ఎగిరితే నాగమ్మ గంప బోర్లించి ఆపింది. నేను నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాను.

"అమ్మా, మీరైనా చెప్పండి" అన్నారాయన నాతో. మొహం ఎర్రబడింది. "ఈయన నాకు సాక్షి. సాక్షి దగ్గర ఊరికే పడవెక్కితే రేపు నన్నేమంటారు? ఉద్యోగం చేసిన ఇరవై ఆరేళ్ళలో ఒకరి దగ్గర టీ కూడా తాగలేదు నేను."

"నేను చెప్తే వినడండి. మీ ఆఫీసులో చూశారుగా."

మింగలేక కక్కలేక నిలబడ్డారాయన. ఇవ్వడానికి లేదు, ఇవ్వకుండా పోవడానికి లేదు. పదకొండేళ్ళ కిందట మొదటిసారి ఈ రేవులో నేనూ ఇట్లాగే నిలబడ్డాను. నాకు జాలి వేసింది, కానీ నోరు విప్పలేదు.

నాగమ్మే విప్పింది. "ఓ అయిదు లీటర్లు పోయించుకొచ్చి ఇంజను కాడ పెట్టండి బాబూ. అందరూ చేసేదేగా! దానికింత ఆలోచనేంటి?"

కోటయ్య బాబాయ్ ఏమీ విననట్టు ఏటి వైపు తిరిగి తాడు చుట్టుకుంటున్నాడు.

మీరావలి గారు నా వైపు చూశారు, బాబాయ్ వీపు వైపు చూశారు. తర్వాత ఇంజను పక్కనున్న ఖాళీ కాను తీసుకుని జీపు ఎక్కారు. నేనూ ఎక్కాను. బంకులో ఆయనే దిగి కాను పట్టుకున్నారు. కుర్రాడు అయిదు లీటర్లు పోసి, బిల్లు యంత్రం దగ్గర ఆగి అడిగాడు.

"బండి నంబరు చెప్పండి సార్."

ఆయన వెనక్కి తిరిగి జీపు వైపు చూశారు. జీపు నంబరు చెప్పొచ్చు, ఎవరు కాదంటారు?

"బండి లేదు బాబూ" అన్నారు. "ఊరికే ఇవ్వు."

బిల్లు చేతికొచ్చింది. నా సంచిలో ఉన్న ముప్పై ఆరింటికీ దీనికీ తేదీలో తప్ప తేడా లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఎదుట ఏడవకూడదని ఆఫీసులో అంత గట్టిగా అరిచినదాన్ని, బంకులో నలుగురి మధ్య కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. సంతోషమేసింది. కోపం కూడా పోలేదు. నేను చెప్పినప్పుడు కథ బాగుందన్న మనిషి, తన చేత్తో కాను మోస్తే తప్ప నమ్మలేదు కదా అని.

రేవులో కాను ఇంజను పక్కన పెట్టి ఆయన వెనక్కి వచ్చేశారు. కోటయ్య బాబాయ్ చూడనట్టే ఉన్నాడు.

ఇరవై రోజులకు ఆర్డరు వచ్చింది. ఎక్కువ చూపించిన పదమూడు వేల ఆరువందల అరవై మీద పన్ను, వడ్డీ కట్టమన్నారు. అదే రోజు కట్టేశాను. రసీదు వెంకట్రామయ్య గారి బల్ల మీద పెట్టి, ఇక మీదట నా రిటర్ను నేనే వేసుకుంటానని చెప్పి వచ్చాను. రఫీ తనది మళ్ళీ తిరగదోడటానికి కుదురుతుందా అని అడిగాడు. కుదరదట. వాడు ఆ రోజు నుంచి ఆటో ఎక్కినా చీటీ రాయించుకుంటున్నాడు.

మీరావలి గారు తన ప్రయాణపు బిల్లులో ఆ అయిదు లీటర్లు చూపించారో లేదో, చూపిస్తే పైవాళ్ళు ఏమన్నారో నాకు తెలియదు. నా ఆర్డరులో మాత్రం మూడో పేజీలో, లంక రేవు పద్ధతి ప్రకారం పడవకు పోయించిన డీజిల్, ముప్పై ఆరు ప్రయాణాలు, అధికారి స్వయంగా వెళ్ళి నిర్ధారించుకున్నారు, పూర్తిగా అనుమతించడమైనది అని ఉంది. ఆ పేజీ ఒక కాపీ తీయించి బాపట్లలో మా అమ్మకు ఇచ్చాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని తేదీల వరస మొత్తం చదివింది. నాన్న కూడిక తేదీ దగ్గర ఆగి, "నువ్వా పొద్దు అన్నం తిన్నావటే?" అని అడిగింది.